రక్షణ ఉత్తర్వులో ఇంటి ఖర్చు

గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టులో పెట్టుకునే దరఖాస్తుకు ఒక నమూనా ఉంది. నిబంధనల్లో దాన్ని రెండో నంబరు ఫారం అంటారు. అందులో ఒకచోట కొన్ని ఖాళీలు కనిపిస్తాయి. తిండికి, బట్టలకు, మందులకు నెలకు ఎంత? పిల్లల చదువుకు ఎంత? ఇంటి ఖర్చుకు ఎంత? మొత్తం కలిపితే ఎంత? ప్రతి ప్రశ్నకూ ఎదురుగా రూపాయల అంకె వేయాలి. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ఖాళీల గురించే. కొట్టొద్దు, బెదిరించొద్దు, ఇంట్లోంచి గెంటొద్దు అని కోర్టు చెప్పడం ఎంత ముఖ్యమో, నెల గడవడానికి ఇంత ఇవ్వు అని చెప్పడమూ అంతే ముఖ్యం. రెండోది లేకపోతే మొదటిది ఎక్కువ రోజులు నిలవదు. కాబట్టి రెండూ ఒకే దరఖాస్తులో, మొదటి రోజే అడగాలి. అడిగేటప్పుడు అంకె వేసి అడగాలి. తగినంత భరణం ఇప్పించండి అని రాసి ఊరుకుంటే చాలదు. ఎంతైతే తగినంతో చెప్పాల్సింది అడిగేవారే. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో, దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు ఏమిటో నిదానంగా చెప్పుకుందాం.

ముందు చట్టం సంగతి. పార్లమెంటు దీన్ని 2005లో చేసింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఏమీ లేదని కాదు. భర్త హింసిస్తే పోలీసు కేసు పెట్టే వీలుండేది. 498ఏ అని అందరూ ఎరిగిన సెక్షనే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలోకి, 85వ సెక్షనుగా మారింది. ఆ దారిలో నేరం రుజువైతే భర్తకు శిక్ష పడుతుంది. కానీ అతనికి శిక్ష పడినంత మాత్రాన ఇక్కడ పొయ్యి వెలగదు. 2005 చట్టం వేరే ప్రశ్న వేసుకుంది. ఈమె ఈ రాత్రి ఎక్కడ ఉంటుంది? రేపు పిల్లలకు ఏం పెడుతుంది? అందుకే ఈ చట్టం హింసను నాలుగు రకాలుగా చెప్పింది. ఒంటి మీద దెబ్బ ఒకటి. లైంగిక హింస ఒకటి. మాటలతో మనసును కుళ్లబొడవడం ఒకటి. నాలుగోది ఆర్థిక హింస. ఈ నాలుగోదాన్ని చాలామంది ఉత్తమాటగా తీసుకుంటారు. చట్టం అలా తీసుకోలేదు. ఈ చట్టం కింద పనిచేసే రక్షణాధికారి రాసే సంఘటన నివేదికకు కూడా ఒక ఫారం ఉంది. అందులో ఆర్థిక హింస కింద ఏమేం ఉన్నాయో వినండి. తిండికీ మందులకూ డబ్బివ్వకపోవడం ఉంది. ఉద్యోగానికి వెళ్లనివ్వకపోవడం ఉంది. ఆమె జీతం లాక్కోవడం ఉంది. ఇంటి అద్దె కట్టకపోవడం, కరెంటు బిల్లు కట్టకపోవడం కూడా ఉన్నాయి. కరెంటు బిల్లు కట్టకపోవడం కూడా హింసేనా అని నవ్వేవాళ్లుంటారు. చంటిపిల్లతో ఉన్న ఇంటికి మే నెలలో కనెక్షను తీసేస్తే తెలుస్తుంది అది హింసో కాదో.

ఈ చట్టం ఎంతమందికి అవసరం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటి జరుగుతూ ఉంటుంది. 2019 నుంచి 2021 వరకు జరిగిన ఐదో విడత లెక్కలు చూద్దాం. 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన స్త్రీలను అడిగారు. భర్త చేతిలో హింస చవిచూశామన్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 29 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. తెలంగాణలో 37 మంది దాకా. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. నా దృష్టిలో అసలు అంకె అదే. హింసకు గురైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. సాయం అడిగినవారు 14 మందే. అడిగినవారు కూడా ఎక్కువగా వెళ్లింది పుట్టింటికే. పోలీసుల దగ్గరికి, లాయర్ల దగ్గరికి వెళ్లినవారు చాలా తక్కువ. ఎందుకు ఊరుకుంటారు? భయం ఉంటుంది. పరువు ఉంటుంది. పిల్లలుంటారు. అయితే ఈ కారణాలన్నిటికీ బలమిచ్చేది చేతిలో పైసా లేకపోవడమే అని నేననుకుంటాను. నన్ను కాదని ఎక్కడికి పోతావు అనే మాట మన ఇళ్లలో వినపడని మాట కాదు. ఆ మాటకు ముందు మొహమాటం లేదు, తర్వాత సిగ్గు లేదు. ఎందుకంటే అన్నవాడికి లెక్క తెలుసు. పుట్టింటివాళ్లు ఎన్నాళ్లు పెడతారో తెలుసు. అద్దె ఎంతో తెలుసు. ఇలాంటి చోట కొట్టొద్దు అని చెప్పే రక్షణ ఉత్తర్వు ఒక్కటే ఇచ్చి పంపడం, ఖరీదైన మందులు చీటీ మీద రాసిచ్చి కొనుక్కోవడానికి డబ్బివ్వకుండా పంపినట్టే. చీటీలో తప్పు లేదు. రోగం మాత్రం తగ్గదు. ఆమె నెలో రెండు నెలలో చూస్తుంది. తర్వాత రాజీ అనే పేరుతో వెనక్కి వెళుతుంది. వెళ్లాక ఆ ఉత్తర్వు బీరువాలో ఉంటుంది.

మరి డబ్బు రూపంలో కోర్టు ఏం ఇప్పించగలదు? చాలామంది నెలవారీ భరణం ఒక్కటే అనుకుంటారు. అది ఒక భాగం మాత్రమే. 20వ సెక్షను చదివితే చాలా ఉంది. హింస వల్ల పోయిన సంపాదన అడగొచ్చు. వైద్యం ఖర్చు అడగొచ్చు. పాడుచేసిన, పట్టుకుపోయిన వస్తువుల నష్టం అడగొచ్చు. ఆమెకూ పిల్లలకూ మనోవర్తి అడగొచ్చు. ఒక ఇంటిని ఊహించుకోండి. ఆమె బట్టలు కుడుతుంది. గొడవలో భర్త కుట్టుమిషను విరగ్గొట్టాడు. చేయి వాచి నెల రోజులు పని చేయలేకపోయింది. మిషను ఖరీదు వస్తువు నష్టం కింద వస్తుంది. నెల రోజుల కుట్టుకూలి పోయిన సంపాదన కింద వస్తుంది. ఆసుపత్రి చీటీ వైద్యం కింద వస్తుంది. ఇవన్నీ భరణానికి అదనం. భరణంలో కలిపేసి అడిగితే పోతాయి. విడిగా అడగాలి. మళ్లీ చెబుతున్నాను, విడిగా అడగాలి. ఇక మనసుకు పడ్డ బాధకు 22వ సెక్షను కింద పరిహారం వేరే ఉంది. ఇల్లు వదలాల్సి వస్తే 19వ సెక్షను కింద అదే స్థాయి ఇల్లు చూపించమని గానీ, అద్దె కట్టమని గానీ కోర్టు చెప్పొచ్చు. పుట్టింటివారు పెట్టిన బంగారం, సారె, సామాను తిరిగి ఇమ్మని కూడా అదే సెక్షను కింద చెప్పొచ్చు. మన దగ్గర బంగారం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గొలుసు ఆమెది. తాకట్టు పెట్టింది అతను. రసీదు అతని పేరు మీద ఉంటుంది. డబ్బు ఎటు పోయిందో తెలియదు. డ్వాక్రా అప్పు కూడా ఇలాంటిదే. సంఘంలో సంతకం ఆమెది, వాడుకున్నది అతను, వాయిదా కట్టేది మళ్లీ ఆమె. ఇంటి గొడవల్లో ఇవి మామూలే అని మనం వదిలేస్తాం. చట్టం మాత్రం వీటిని లెక్కలోకి తీసుకుంటుంది. స్త్రీధనాన్ని ఆమె చేతికి రానివ్వకపోవడం, అమ్ముకోవడం ఆర్థిక హింస కిందికి వస్తాయని అందులో స్పష్టంగా రాసి ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దీన్ని శ్రద్ధగా వినాలి. కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వుకు 18వ సెక్షను ఆధారం. కొట్టొద్దు, ఆమె పని చేసే చోటికి వెళ్లొద్దు, ఫోను చేసి వేధించొద్దు అనేవి అందులోవే. అదే సెక్షనులో ఆస్తి మాట కూడా ఉంది. కోర్టు అనుమతి లేకుండా ఆస్తి అమ్మొద్దు అని చెప్పొచ్చు. బ్యాంకు లాకరు తెరవొద్దు, ఖాతాలో డబ్బు తీయొద్దు అని చెప్పొచ్చు. ఆ ఖాతా ఇద్దరి పేరున ఉన్నా సరే, అతనొక్కడి పేరున ఉన్నా సరే. రక్షణ ఉత్తర్వును మీరితే అది నేరం. 31వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. బెయిలు హక్కుగా రాదు. నెలవారీ డబ్బు కట్టకపోతే వసూలు చేసే దారి వేరు, దాని గురించి చివర్లో చెబుతాను. తేడా గమనించారా? డబ్బు ఇవ్వు అనే ఉత్తర్వును మీరితే వసూలు కోసం మళ్లీ తిరగాలి. ఆస్తి అమ్మొద్దు అనే రక్షణ ఉత్తర్వును మీరితే అదే నేరమవుతుంది. అందుకని ఈ రెండూ జతగా ఉండాలి. నెలకు ఇంత ఇప్పించండి అని అడిగిన దరఖాస్తులోనే, ఈ ఇల్లు, ఈ పొలం, ఈ లాకరు ముట్టుకోకుండా ఆపండి అని కూడా అడగాలి. నోటీసు అందగానే పొలం తమ్ముడి పేరు మీదికి మారడం, ఆ తర్వాత నాకేమీ లేదని చేతులెత్తేయడం మన ఊళ్లలో కొత్త విద్య కాదు. ఆ విద్యకు విరుగుడు ఈ సెక్షనులోనే ఉంది. అడిగేవారు అడగాలి, అంతే.

సరే, అంకె ఎలా వేయాలి? దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. నెల సరుకుల చీటీ రాసేవారు ఎవరైనా వేయగలరు. గుంటూరులో ఇద్దరు పిల్లలున్న ఇల్లు అనుకుందాం. అద్దె 5,500. బియ్యం, పప్పు, నూనె, పాలు, కూరలు కలిపి 6,000. గ్యాసు, కరెంటు 1,500. పిల్లల ఫీజులు, పుస్తకాలు ఏడాదికి 36,000 అయితే నెలకు 3,000 పడుతుంది. మందులు, బస్సు చార్జీలు, ఫోను కలిపి మరో 1,500. మొత్తం 17,500. ఏడాదికోసారి వచ్చే ఖర్చులను చాలామంది మరిచిపోతారు. ఫీజులు, పండగ బట్టలు అలాంటివే. వాటిని పన్నెండుతో భాగించి నెల లెక్కలో కలపాలి. ఇది బతకడానికి కావలసిన లెక్క. దీని పక్కన ఇంకో లెక్క పెట్టాలి. ఆ ఇల్లు ఇన్నాళ్లూ ఎలా గడిచింది? చట్టం చెప్పిన కొలత అదే. ఇచ్చే డబ్బు న్యాయంగా, సరిపడా ఉండాలి, ఆమె అలవాటుపడ్డ జీవన స్థాయికి తగినట్టు ఉండాలి అంటుంది 20వ సెక్షను. కాబట్టి అతని రాబడి, ఖర్చు తెలిపే కాగితాలు కావాలి. జీతం చీటీ దొరక్కపోవచ్చు. కారు వాయిదా ఎంత కడుతున్నాడో తెలియకుండా ఉండదు. పొలం ఉంటే ఆంధ్రలో మీభూమి సైటులో, తెలంగాణలో భూభారతి సైటులో వివరం కనబడుతుంది. ఇల్లు, స్థలం కొన్నాడా అమ్మాడా అన్నది రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీస్తే తెలుస్తుంది. ఫీజు రసీదులు, ఆసుపత్రి చీటీలు, తాకట్టు రసీదు ఫోటో, ఫోన్‌పేలో డబ్బు పంపిన వివరాలు దాచుకోవాలి. ఒక సెట్టు పుట్టింట్లోనో నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో పెట్టడం మంచిది. ఇంటి గొడవలో ముందు మాయమయ్యేవి కాగితాలే.

ఈ పని 2020 తర్వాత కొంత తేలికైంది. ఆ ఏడాది నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జస్టిస్ ఇందు మల్హోత్రా, మన తెలుగువారైన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఉన్న ధర్మాసనం అది. మనోవర్తి కేసు ఏ చట్టం కింద వేసినా, ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, రాబడి, ఖర్చు వివరాలతో అఫిడవిట్ వేయాలని ఆ తీర్పు చెప్పింది. ఇద్దరూ అన్నాను, గమనించండి. ఆమె ఒక్కతే కాదు, అతనొక్కడే కాదు. అతని సంపాదన ఎంతో నిరూపించే బరువంతా ఆమె మీదే ఉండే పరిస్థితి దీనితో కొంత మారింది. రెండో సంగతి ఇంకా ముఖ్యం. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు రావాలని కూడా ఆ తీర్పు చెప్పింది. దీని అర్థం ఏమిటి? కేసు రెండేళ్లు సాగినా, ఆ రెండేళ్ల డబ్బు లెక్కలో ఉంటుంది. వాయిదాలు లాగడం వల్ల కలిసొచ్చేదేమీ ఉండదు. కానీ దరఖాస్తు పెట్టకుండా గడిపిన నెలలు పోయినట్టే. ఇంకొంచెం చూద్దాం, పండగ వెళ్లాక చూద్దాం అని ఆగిన ప్రతి నెలా ఆమె జేబుకే చిల్లు. చట్టం ప్రకారం మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో ఉండాలి. అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. కోర్టులో వాయిదాల లెక్క వేరే ఉంటుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే 23వ సెక్షను ఉంది. కేసు తేలేలోపు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. పరిస్థితి తీవ్రంగా ఉంటే, ఆమె అఫిడవిట్ ఆధారంగా, అవతలివారు రాకముందే ఇవ్వొచ్చు. ఆ మధ్యంతర దరఖాస్తులో కూడా ఇదే అంకె ఉండాలి. అక్కడ ఖాళీ వదిలితే నెలలు నెలలు ఖాళీగానే గడుస్తాయి.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, గట్టిగా వినిపించేది, దుర్వినియోగం. డబ్బు గుంజడానికి కేసులు వేస్తున్నారు అంటారు. అబద్ధపు కేసు ఒక్కటీ ఉండదని నేను అనను. ఏ చట్టానికైనా అది ఉంటుంది. చూడాల్సింది ఏమిటంటే, అబద్ధాన్ని పట్టుకునే ఏర్పాటు ఈ చట్టంలో ఉందా లేదా. ఉంది. డబ్బు ఇప్పించమని అడిగినంత మాత్రాన ఎవరినీ అరెస్టు చేయరు. నోటీసు వెళుతుంది. ఇద్దరి లెక్కలూ కోర్టు ముందుకు వస్తాయి. ఉత్తర్వు నచ్చకపోతే ముప్పై రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది. పరిస్థితి మారితే ఉత్తర్వు మార్చమని 25వ సెక్షను కింద ఇద్దరిలో ఎవరైనా అడగొచ్చు. ఇంకో కోర్టులో ఇప్పటికే మనోవర్తి వస్తుంటే ఆ సంగతి ఆమె దాచకూడదు. అది ఇందులో సర్దుబాటవుతుంది. ఒకే ఖర్చుకు రెండుసార్లు రాదు. అత్తమామలను రోడ్డు మీదికి నెడుతున్నారు అనే మాట కూడా వింటుంటాం. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపొమ్మనే ఉత్తర్వు స్త్రీ మీద ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. అంటే అత్తగారిని కోడలు ఈ చట్టంతో ఇంట్లోంచి పంపలేదు. అంతే కాదు, కొడుకు హింసించే తల్లి, అన్న హింసించే చెల్లి, పెళ్లి లాంటి బంధంలో కలిసి బతికిన స్త్రీ కూడా ఇదే చట్టం కింద అడగొచ్చు. ఇది కోడళ్ల చట్టం అనుకోవడం సగమే నిజం. ఇక ఒక్క మాట. ఎవరికీ చెప్పుకోని 77 మంది ఉన్న చోట, ఎక్కువమంది కేసులు వేస్తున్నారన్న దిగులు నాకు కొంచెం విడ్డూరంగానే తోస్తుంది.

రెండో అభ్యంతరం, ఆమె చదువుకుంది కదా, సంపాదించుకోవచ్చు కదా అని. సంపాదించగలగడం వేరు, సంపాదిస్తూ ఉండటం వేరు అని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. డిగ్రీ పట్టా ఉన్నంత మాత్రాన రేపటి బియ్యం రావు. పెళ్లయి పదేళ్లు ఇంటిపని చేసి, ఇద్దరు పిల్లలను పెంచిన మనిషికి నిన్నటి డిగ్రీ చూపించి ఉద్యోగం తెచ్చుకో అనడం తేలికే. నిజంగా సంపాదిస్తుంటే ఆ సంపాదన లెక్కలోకి వస్తుంది, దాన్ని దాచకూడదు కూడా. మూడో అభ్యంతరం దీనికి తిరగేసినది. అతనికే ఏమీ లేదు, ఆటో నడుపుకుంటున్నాడు, మేస్త్రి పనికి పోతున్నాడు, ఎక్కడి నుంచి తెస్తాడు? ఈ ప్రశ్నలో నిజం ఉంది. పేద ఇంటి నుంచి పెద్ద అంకె రాదు. రావాలని ఎవరూ అనరు. కానీ ఒంట్లో శక్తి ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాలని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తుచేసింది. ఏమీ లేని చోట కొంచెమైనా రావడానికీ, ఏమీ రాకపోవడానికీ తేడా ఎక్కువ. నెలకు 4,000 వస్తే ఒక గది అద్దె నడుస్తుంది. నాలుగోది అభ్యంతరం కాదు, ఒక దెప్పిపొడుపు. డబ్బు కోసం కోర్టుకెక్కింది అంటారు. అవును, డబ్బు కోసమే. బియ్యం డబ్బుతోనే వస్తాయి. ఆమె అడగకపోతే ఆ ఖర్చు మాయం కాదు. ముసలి తల్లిదండ్రుల మీద పడుతుంది, అన్నదమ్ముల మీద పడుతుంది. ఆమె పొదుపు సంఘంలో తీసే కొత్త అప్పు మీద పడుతుంది. మొయ్యాల్సినవాడు తప్ప అందరూ మోస్తారు.

కేసు వేస్తే కాపురం పోతుంది, పెద్దల్లో తేల్చుకుందాం అనేవారికి కూడా ఒక మాట. ఈ చట్టం విడాకుల చట్టం కాదు. ఇల్లు వదలకుండానే, అదే కప్పు కింద ఉంటూనే, ఖర్చులకు ఇమ్మని అడగొచ్చు. పెద్దమనుషుల ముందు మాట ఇచ్చి రెండో నెల ఇవ్వకపోతే ఏ పెద్దమనిషి వచ్చి వసూలు చేస్తాడు? అదే ఒప్పందం కోర్టు ఉత్తర్వుగా రాయించుకుంటే దానికి బలం వస్తుంది. రాజీకి నేను వ్యతిరేకిని కాను. కాగితం లేని రాజీకి వ్యతిరేకిని. ఎక్కడికి వెళ్లాలి అంటారా? జిల్లాలో మహిళా శిశు సంక్షేమ శాఖ తరఫున రక్షణాధికారి ఉంటారు. సఖి కేంద్రం ఉంటుంది. మహిళల హెల్ప్‌లైన్ 181. ఒకటి, ఎనిమిది, ఒకటి. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. రాబడి ఎంతున్నా స్త్రీకి ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. నేరుగా మేజిస్ట్రేటు కోర్టుకూ వెళ్లొచ్చు. సంఘటన నివేదిక లేకపోయినా దరఖాస్తు తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లో కూడా కేసు వేయొచ్చు. అత్తగారి ఊరు విశాఖ అయినా, పుట్టిల్లు ఖమ్మం అయితే ఖమ్మంలోనే వేయొచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది.

చివరిది, అన్నిటికంటే బరువైన అభ్యంతరం. ఉత్తర్వులు వస్తాయి, డబ్బు రాదు అంటారు. దీన్ని తీసిపారేయలేం. చట్టం అమల్లోకి వచ్చి దాదాపు పంతొమ్మిదేళ్లయ్యాక, 2025 మే నెలలో కూడా, జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను నియమించండి అని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఏర్పాటు ఎంత బలహీనంగా ఉందో దీన్నిబట్టే అర్థమవుతుంది. డబ్బు ఉత్తర్వు అమలయ్యేలా చూడటం ఆ అధికారి విధుల్లో ఒకటని చట్టంలో రాసి ఉంది. ఈ సంగతి అడిగేవారికి తెలిస్తే అధికారి మీద ఒత్తిడి ఉంటుంది. ఇక వసూలు దారి చూద్దాం. అతను కట్టకపోతే, అతని జీతంలో కొంత నేరుగా ఆమెకు ఇమ్మని కోర్టు యజమానికి చెప్పొచ్చు. 20వ సెక్షనులోనే ఉంది ఇది. యజమాని ఒక్కడికే కాదు, అతనికి బాకీ ఉన్నవారికి కూడా చెప్పొచ్చు. మన పల్లెలకు పనికొచ్చే మాట ఇది. పొలం కౌలుకిచ్చాడనుకోండి, కౌలుదారు అతనికి బాకీ ఉన్నట్టే. ఇల్లు అద్దెకిచ్చాడనుకోండి, అద్దెకున్నవారూ అంతే. అతను గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే అక్కడి కంపెనీ మీద మన మేజిస్ట్రేటు చేయి చాచడం కష్టం. కానీ నిజామాబాద్‌లో అతని ఇంటి అద్దె ఇక్కడే ఉంది. అందుకే దరఖాస్తులో అతని రాబడి మార్గాలన్నీ, ఎవరి దగ్గర నుంచి ఎంత వస్తుందో ముందే రాయాలి. ఇవేవీ లేనప్పుడు మనోవర్తి ఉత్తర్వులను అమలు చేసే పాత పద్ధతి ఉంది. మేజిస్ట్రేటు వారెంటు ఇచ్చి జరిమానా వసూలు చేసినట్టు వసూలు చేయిస్తారు. అప్పటికీ కట్టకపోతే, కట్టని ఒక్కో నెలకు నెల రోజుల వరకు, ఈలోపే కడితే కట్టేదాకా, జైలులో పెట్టొచ్చు. అయితే దీనికి ఒక గడువుంది. డబ్బు రావాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు దరఖాస్తు వేయాలి. అతను రెండు నెలలు ఇచ్చి, మూడు నెలలు ఎగ్గొట్టి, మళ్లీ ఒక నెల ఇస్తుంటే, ఏ నెల వచ్చిందో ఏ నెల రాలేదో గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. రాని నెలల బకాయికి ఏడాది నిండకముందే దరఖాస్తు వేయించండి. లాయరుకు ఆ క్యాలెండరు పేజీలు చూపించండి. వసూలు దరఖాస్తులో రాసే అంకెలు అందులోవే.